ఆలస్యపు చెయ్యి

ఇరవయ్యో దుప్పటి ఇస్త్రీ రోలరు కిందనుంచి వేడివేడిగా జారి వచ్చేసరికి ఉదయం ఆరుంబావు అయింది. పొట్టి పిన్ని ఇటువైపు రెండు కొసలూ పట్టుకుంది. పొడుగత్త అటువైపు రెండు కొసలూ పట్టుకుంది. ఇద్దరూ ఒక్కడుగు వెనక్కి వేసి లాగారు. దుప్పటి ఫట్‌మంది. సగానికి మడిచి మళ్ళీ లాగారు, మళ్ళీ ఫట్‌మంది. తర్వాత ఎదురెదురుగా నడిచి వచ్చారు. అత్త తన కొసలు తెచ్చి పిన్ని చేతుల్లో పెట్టింది. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. అప్పుడు అత్త ముఖం గోడవైపు ఉంది, పిన్ని ముఖం తలుపువైపు ఉంది.

మూడేళ్ళుగా ఇదే వరస. హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీలో వాళ్ళిద్దరూ ఒక జోడీ. పిన్ని అనీ అత్త అనీ పేర్లు పెట్టింది ఉతుకుడు సెక్షన్లో పిల్లలు. పొట్టి, పొడుగు అనేవి దేవుడు పెట్టినవి. రోజుకు నాలుగు వందల దుప్పట్లు, నాలుగు వందల సార్లు చేతికి చెయ్యి. మాట మాత్రం లేదు. మాట్లాడక తప్పకపోతే దుప్పటితో మాట్లాడేవారు.

"కొందరికి కొస దొరికేసరికి తెల్లారిపోతుంది," అంది అత్త చేతిలో ఉన్న దుప్పటితో.

"కొందరికి లాగుడెక్కువ," అంది పిన్ని తర్వాతి దుప్పటితో.

మామూలు రోజైతే ఆ మాట అన్నందుకు పిన్నికి గంటసేపు కడుపు చల్లగా ఉండేది. ఇవాళ నాలుక మీద చేదుగా ఉంది. ఎందుకంటే మధ్యాహ్నం రెండు గంటల్లోపు ఆ పొడుగు మనిషికి ఒక మాట చెప్పాలి, ఆ మాట మూడేళ్ళుగా ఏ దుప్పటితోనూ చెప్పనిది. తప్పు నాదే అన్న మాట.

అంతకుముందు వాళ్ళిద్దరూ రోలరు ముందువైపు పనిచేసేవారు. తడి దుప్పటి అంచును చెరోపక్కా పట్టుకుని నిలబడితే, పిన్ని "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. మూడు అనగానే ఇద్దరూ ఒకేసారి ఎవరివైపు బెల్టు మీదికి వాళ్ళు వదలాలి. ఒక వైపు వెనకబడితే దుప్పటి ఐమూలగా లోపలికి పోతుంది. పదిహేడేళ్ళు తిన్నగానే పోయింది. ఒక మంగళవారం ఐమూలగా పోయింది. అంచు అత్త కుడిచేతికి చుట్టుకుంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ వేడి రోలరుకు అంటుకున్నాయి. అవి ఇప్పటికీ తలుపు గొళ్ళేల్లా వంగే ఉన్నాయి.

"నువ్వు ఆలస్యంగా వదిలావు," అంది అత్త ఆసుపత్రి మంచం మీదినుంచి.

"నువ్వే తొందరపడి వదిలావు," అంది పిన్ని, పరామర్శకు తెచ్చిన బత్తాయిల సంచీ చేత్తో పట్టుకునే. ఆ బత్తాయిలు వచ్చిన దారినే ఇంటికి తిరిగొచ్చాయి.

సూపర్వైజరు పుస్తకంలో "చేతి ఆలస్యం" అని రాశాడు. ఎవరి చెయ్యో రాయలేదు. మర్నాడు మెకానిక్కు వచ్చి, పిన్ని నిలబడే ఎడమవైపు బెల్టు మార్చిపోయాడు. ఆపైన ఇద్దర్నీ వెనకవైపు మడతలకు మార్చారు.

ఈమధ్య వరకూ పిన్నికి తన చెయ్యి మీద రవ్వంత అనుమానం లేదు. నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం ఫోనులో ఏదో చూస్తుంటే సంగీతం కట్టుకునే యాప్ ఒకటి ఎదురైంది. దించుకుని తెరిచింది. వరసకు పదహారు గడులు. గడిలో వేలు పెడితే చుక్క పడుతుంది, చుక్క పడినచోట డోలు మోగుతుంది. పిన్ని ఒకటిలో, అయిదులో, తొమ్మిదిలో, పదమూడులో చుక్కలు పెట్టి నొక్కింది. ధన్, ధన్, ధన్, ధన్. నలభై ఎనిమిదేళ్ళ మనిషి వంటగట్టు పట్టుకుని తనలో తాను నవ్వుకుంది. పెట్టినచోటే పడుతోంది, ఆపమంటే ఆగుతోంది. ఆ ఇంట్లో ఆమె చెప్పిన మాట విన్న మొదటి వస్తువు అదే.

ఇల్లు చెల్లెలిది. "ఏమిటక్కా ఆ బాదుడు? ఈ వయసులో డప్పులు నేర్చుకుని ఎవరి పెళ్ళికి వాయిస్తావు?" అంది చెల్లెలు పక్కగదిలోంచి.

"నీ పెళ్ళికి వాయించలేకపోయాననే నా బాధ," అంది పిన్ని. అన్నదేగానీ మర్నాటినుంచి చెవుల్లో పెట్టుకుని వాయించుకుంది. అంతకుముందే లాండ్రీ వార్షికోత్సవానికి అందరికీ తలొక జత వైరు లేని ఇయర్‌ఫోన్లు పంచారు. తెల్లగా, చిక్కుడు గింజల్లా ముద్దొచ్చేవి. అత్త తన జత అక్కడికక్కడే తిరిగిచ్చేసింది. "వైరు లేకుండా వచ్చే మాట నేను నమ్మను," అంది సూపర్వైజరుతో, పిన్నికి వినపడేలా.

యాప్‌లో పాఠాలు చెప్పే గొంతు, మీ చుట్టూ ఉన్న చప్పుళ్ళే మీ వాయిద్యాలు అంది. పిన్ని ఫోను ఏప్రాను జేబులో వేసుకుని చప్పుళ్ళ వేటకు బయల్దేరింది. ఆవిరి గొట్టం ఉస్సుమన్నది ఫోనులో పట్టి, తోకా తలా కత్తిరిస్తే చిన్న తాళపు చిప్పలా మోగింది. ట్రాలీ చక్రం కీచుమన్నది పట్టి స్వరం బాగా కిందికి దించితే ఏనుగు నిద్రలో మూలిగినట్టయింది. సబ్బుపొడి డబ్బా మూత ఒక డోలు. అన్నింటికన్నా గొప్పది దుప్పటి ఫట్. దానికోసం ఇంట్లో దుప్పటి కొస కిటికీ ఊచకు కట్టి లాగి చూసింది, చప్పగా ఉంది. ఊచ తిరిగి లాగదు కదా. చివరికి పనిలోనే, అత్తకు తెలియకుండా అత్తతో కలిసి పట్టింది. నిమిషానికి తొంభై రెండు దెబ్బల వేగం పెట్టి అన్నీ పేర్చేసరికి, లాండ్రీ మొత్తం పండగబట్టలు కట్టుకుని నడిచి వస్తున్నట్టుంది.

తర్వాతి పాఠం దగ్గర చిక్కొచ్చిపడింది. ఇక చుక్కలు పెట్టొద్దు, వేలితో వాయించండి అంది గొంతు. చెవిలో టిక్కు, టిక్కు అంటుంటే దానితోపాటు తెర మీది చదరాన్ని కొట్టాలి. ఎక్కడ కొట్టామో గీతల పక్కన చుక్కలై కనబడుతుంది. పిన్నికి అది చంటిపిల్లల ఆట అనిపించింది. కొట్టింది. చుక్కలన్నీ గీత దాటి పడ్డాయి. మళ్ళీ కొట్టింది, అన్నీ గీత దాటే. ప్రతి దెబ్బా దాదాపు ఒక గడి ఆలస్యం. వారం రోజుల్లో నలభైసార్లు కొట్టింది. ఒక్కటంటే ఒక్కటి గీత మీద పడలేదు.

"సరిచెయ్యి" అని ఒక బొత్తాం ఉంది. నొక్కితే చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదికి జరుగుతాయి. పిన్ని దాన్ని ముట్టుకోలేదు. తేలవలసింది చెయ్యి సంగతి, బొత్తాం సంగతి కాదు.

తేలింది. పదిహేడేళ్ళు ఒకటి, రెండు, మూడు అని ఊరందరికీ లెక్క చెప్పిన మనిషి చెయ్యి ఆలస్యం. అదే వారంలో లాండ్రీ పెరట్లోకి పెద్ద చెక్కపెట్టె ఒకటి దిగింది. లోపల మడతలు పెట్టే మిషను. సోమవారం నుంచి ఒక్క మనిషి చాలు, రెండు చేతుల వేళ్ళతో బొత్తాలు నొక్కాలి. సూపర్వైజరు అత్త కుడిచెయ్యి వంక ఒకసారి చూసి, పుస్తకంలో పిన్ని పేరు రాసుకున్నాడు. ఇవాళ శనివారం, అత్తకు ఆఖరి రోజు. వేళ్ళు తీసిందీ తన చెయ్యే, ఇప్పుడు కూడు తీస్తున్నదీ తన చెయ్యే. అలా అనుకుంటూ పిన్ని రెండు వందలవ దుప్పటి మడిచింది.

పదిన్నరకు టీ తాగేటప్పుడు చెబుదామనుకుంది. అత్త బల్ల చివర వీపు తిప్పి కూర్చుని, తన పాత వైరు ఇయర్‌ఫోన్లలో వార్తలు వింటోంది. పిన్ని దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకుంది.

"ఇక్కడ గాలి రావట్లేదు," అంది అత్త టీ గ్లాసుతో.

పన్నెండుకు సూపర్వైజరు వచ్చి, మిగిలిన దుప్పట్లు లెక్కచూసి, "ఏంటమ్మా, ఆఖరి రోజని నెమ్మదించారా?" అన్నాడు.

"నేను నెమ్మదించలేదు," అంది అత్త. "ఎవరు నెమ్మదిగా ఉంటారో మీ పుస్తకంలోనే ఉందిగా, చూసుకోండి."

పిన్ని తర్వాతి దుప్పటి కొసలు అందుకుంది. ఇవతల దుప్పటి జవాబు చెప్పకపోయేసరికి అత్త మొదటిసారి తల తిప్పి చూసింది, వెంటనే మళ్ళీ గోడవైపు తిరిగింది.

రెండు గంటలకు రోలరు ఆగింది. ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం చెవుల్లో దూది పెట్టినట్టుంటుంది. బట్టలు మార్చుకునే గదిలో అత్త ఏప్రాను విప్పి, నాలుగు మడతలు పెట్టి బెంచీ మీద ఉంచింది. లాకరులోంచి చెప్పులు, దువ్వెన, అద్దం తీసి సంచీలో వేసుకుంది. పిన్ని తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నీతో ఒక మాట చెప్పాలి."

అత్త చుట్టూ చూసింది. గదిలో దుప్పట్లేవీ లేవు.

"ఆ రోజు నేనే ఆలస్యంగా వదిలాను," అంది పిన్ని. "నా తప్పే. నీ చెయ్యి నావల్లే పోయింది."

అత్త ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మూడేళ్ళు పట్టింది నీకీ మాట అనడానికి," అంది. "చూశావా, ఇది కూడా ఆలస్యమే."

"నాకిప్పుడే తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

పిన్ని ఫోను తీసి చూపించింది. గీతలు, చుక్కలు, నలభై ప్రయత్నాలు. చెవిలో టిక్కుమన్నప్పుడు కొట్టాలనీ, ఎంత కొట్టినా గీత దాటిపోతోందనీ చెప్పింది. చెబుతుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది. తెల్లటి ఇయర్‌ఫోన్లు తీసి చాపింది. "కావాలంటే నువ్వే విను."

"నీ చెవిలోవి నా చెవిలో పెట్టుకుంటానా?" అంది అత్త. సంచీలోంచి తన వైరు తీసి ఫోనుకు గుచ్చింది. రెండు చెవుల్లో పెట్టుకుని, బాగున్న చూపుడువేలితో, పురుగును నలిపినట్టు చదరం మీద కొట్టడం మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళు దుప్పట్లు లాగిన చెయ్యి. ఎనిమిది దెబ్బలు, పదహారు, ముప్ఫయిరెండు. చుక్కలన్నీ గీత మీద పడ్డాయి, సూదితో కుట్టినట్టు.

ఇద్దరూ వాటివంక చూశారు.

"నాకు సరిగ్గానే పడుతోందిగా," అంది అత్త మెల్లగా. ముఖంలో సంతోషం ఏమీ లేదు, మూడేళ్ళు మోసిన బరువు దించేచోటు దొరికిన అలసట ఉంది. "అంటే అది నీ చెయ్యే. నేను చెబుతూనే ఉన్నాను. నేను చెబితే నమ్మవు, ఫోను చెబితే నమ్మావు."

"నమ్మాను."

"క్షమించానని మాత్రం అనను. ఆ మాటకోసం నిలబడకు."

బయట వ్యాను హారను మోగింది. డ్రైవరు ఒక్కసారే మోగిస్తాడు, ఆపైన ఆగడు. అత్త చెవుల్లోవి పీకి, ఫోను పిన్ని చేతిలో పెట్టింది. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. సంచీ భుజాన వేసుకుని, మడిచిన ఏప్రాను మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

పిన్ని బెంచీ మీద కూలబడింది. ఫోనుకు వైరు వేలాడుతూనే ఉంది. తెర మీద పై వరసలో అత్త చుక్కలున్నాయి, ఒక్కటీ పక్కకు పోలేదు. చెయ్యంటే అలా ఉండాలి. తన చేతికి ఇంకోసారి శిక్ష వేద్దామన్నంత కసిగా, ఆ వైరే చెవుల్లో పెట్టుకుని, కింది వరసలో కొట్టింది.

మొదటి చుక్క గీత మీద పడింది.

రెండోదీ పడింది. పదహారోదీ పడింది. పిన్ని ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కొట్టింది. అన్నీ గీత మీదే. వైరు పీకేసి తెల్లటివి పెట్టుకుని కొట్టింది. అన్నీ గీత దాటి పడ్డాయి. మళ్ళీ వైరు పెట్టింది, గీత మీద. మళ్ళీ తెల్లటివి, గీత దాటి. నాలుగోసారికి ఇక అనుమానం మిగల్లేదు. వైరు లేని దారిలో చప్పుడే నెమ్మదిగా నడిచి వస్తోంది. పిన్ని వినేసరికే టిక్కు దాటిపోయేది. చెయ్యి ఏనాడూ ఆలస్యం కాలేదు. నాలుగు నెలలు వాయించిన మనిషి ఒక్కసారి చెవుల్లోవి తీసేసి కొట్టి చూసుకోలేదు.

లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వ్యాను గేటు దాటి మలుపు తిరిగిపోయింది. యాప్‌లో చేసిన పని నచ్చకపోతే ఒక బాణం గుర్తు నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది. అన్న మాటను వెనక్కి తెచ్చే బాణం గుర్తు ఆ గదిలో ఎక్కడా లేదు.

నా చెయ్యి ఆలస్యం కాకపోతే ఆ పొడుగుదే తొందరపడిందన్నమాట, అనుకుని కోపం తెచ్చుకోబోయింది. మూడేళ్ళు అలవాటైన కోపం, పిలిస్తే చాలు వచ్చేస్తుంది. కానీ తెర మీద రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది అత్తది, కిందిది తనది. ప్రతి గీత మీదా ఇద్దరి చుక్కలూ ఒక్కచోటే ఉన్నాయి. తొందరా లేదు, ఆలస్యమూ లేదు. మూడేళ్ళుగా ప్రతి దుప్పటీ ఫట్‌మనే చెప్పింది, ఇద్దరూ ఒకేసారి లాగుతున్నారని.

సూపర్వైజరు తాళాలు మోగించుకుంటూ తలుపు తీశాడు. "ఇంకా వెళ్ళలేదా?"

"ఆ రోజు అత్త చెయ్యి కాలాక, మర్నాడు నావైపు బెల్టు ఎందుకు మార్చారు?" అంది పిన్ని.

"ఏ రోజు?"

"మంగళవారం."

"పాతబడి ఉంటుంది. జారుతూ వెనకబడుతుండి ఉంటుంది. మిషన్లన్నాక మారుస్తుంటాం," అన్నాడు సూపర్వైజరు. ఆమె ముఖం చూసి, చూపు తాళాల మీదికి దించుకున్నాడు. "అయినా ఇప్పుడెందుకమ్మా అవన్నీ. సోమవారం ఆరింటికల్లా రా. ఆ వైరు నీదేనా? కాకపోతే చెత్తబుట్టలో వెయ్యి."

పిన్ని చెత్తబుట్టలో వెయ్యలేదు, సంచీలోనూ వేసుకోలేదు. ఖాళీ అయిన అత్త లాకరు తెరిచి, లోపలి కొక్కేనికి తగిలించింది. ఎడమ చెవి దానికి రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఆ చోట దుప్పటి అంచు తెల్లదారం దగ్గరదగ్గరగా చుట్టి ఉంది, వంగిన వేళ్ళతో ఓపిగ్గా వేసిన చిన్న ముడితో.