ఒంటిగంటన్నరకు కనిపించని పొగ

పొద్దున ఎనిమిదింటికి యాత్రికుల ఓడలు దీవి రేవులో ఆగేవి. లోపల దీపాలూ ఏసీలూ ఆగకూడదని ఇంజన్లు ఆడిస్తూనే ఉండేవారు. ఆ పొగంతా వీధిలోకి వచ్చేది. పదింటికి అత్తగారు గుమ్మంలో నిలబడి తువ్వాలు విదిలించి, "చాలు, ఇక పదండి. పిల్లలు తిరిగే చోటు" అనేది. పొగ బుద్ధిగా సముద్రం మీదికి మళ్ళేది. అది దాటేదాకా తపాలా ఆయన సైకిలు పక్కకు తీసి ఆగేవాడు.

కోడలిది గాలి లెక్కలు చూసే ఉద్యోగం. రోజూ ఒంటిగంటన్నరకు దీవి మీదుగా ఉపగ్రహం పోతుంది. అది పంపే బొమ్మలో పొగ ఉన్నచోటు ఎర్రగా కనబడాలి. వాళ్ళ వీధి మాత్రం ఎప్పుడూ నీలమే. ఆ నీలం చూపించే, బడి ఎదురుగా రెండో రేవు కడతామని రేవు అధికారులు అంటున్నారు. ఆ బడిలో చదివే మనవరాలికి ఇప్పటికే నాలుగు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు.

"పైనున్న కంటికి చత్వారమేమో" అని పైఅధికారి నవ్వేవాడు.

ఒక బుధవారం అత్తగారు మనవరాలి గౌనుకు గుండీలు కుడుతూ పొగ సంగతే మర్చిపోయింది. మధ్యాహ్నం బొమ్మలో వీధంతా ఎర్రబడింది.

"అత్తయ్యా, ఇవాళ పొగను పంపలేదా?"

అత్తగారి ముఖం పాలిపోయింది. "మొన్న పొయ్యి ఆర్పడం మరిచాను, ఇవాళ ఇది. రేపు నిన్ను చూసి ఎవరమ్మా అంటానేమో."

"అయ్యో, మంచిదైంది! రోజూ మీరు తరిమేస్తుంటే దానికేం కనబడుతుంది? నాకూ తట్టలేదు చూడండి. కానీ రేవు ఆపాలంటే వరసగా పదిరోజుల బొమ్మలు కావాలట."

"మరి పిల్ల?"

"కొండవైపు మా అమ్మ దగ్గర ఉంచుతాను."

అత్తగారు తువ్వాలు మడతపెట్టి ఇచ్చింది. "పదయ్యేసరికి చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇది ఎక్కడైనా దాచు. ఎక్కడో నాకు చెప్పకు." మళ్ళీ తనే నవ్వింది. "చెప్పినా ఫర్వాలేదులే."

పదిరోజులూ పొగ గుమ్మం దాకా వచ్చి ఆమె మాట కోసం నిలబడింది. ఆమె దగ్గుతూనే నోరు బిగించి కూర్చుంది.

పదకొండో రోజు ఆ ఎర్రటి బొమ్మలన్నీ బల్ల మీద పరిచాక, రెండో రేవు వద్దని సంతకాలు పడ్డాయి. కోడలు ఆయాసపడుతూ ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, రేవు ఆగిపోయింది! మీ వల్లే!"

అత్తగారు, లోపలికి దారివ్వమని పొగను కాస్త జరిపి, కోడలి వైపు వింతగా చూసింది.

"ఏ రేవమ్మా?"

కోడలు ఆమె పక్కనే చతికిలబడి, మొదటినుంచీ చెప్పసాగింది.