వెనక తలుపు ఇంకా రాలేదు

బస్సు ముందు తలుపు పెద్దాసుపత్రి గేటు దగ్గరికి చేరింది. వెనక తలుపు ఇంకా రాళ్లగడ్డ బస్తీలోనే ఉంది. ఈదమ్మ ముందు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె మొగుడు కుర్మయ్య వెనక తలుపు దగ్గర ఉన్నాడు. ఆడవాళ్లు ముందు ఎక్కాలి, మగవాళ్లు వెనక ఎక్కాలి. ఇద్దరూ పద్ధతి ప్రకారమే ఎక్కారు.

బస్సు ఇంత పొడుగు ఎందుకయిందంటే, బస్తీవాళ్లు అడిగారు కాబట్టి. ఉన్న ఒక్క బస్సు చాలడం లేదు, ఇంకొకటి వేయండి మహాప్రభో అని ఏళ్ల తరబడి కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి పైవాళ్లు కరుణించారు. రెండో బస్సు వేయలేదు గానీ, ఉన్నదాన్నే సాగదీశారు. ఇక నోరెత్తడానికి ఏముంది? ప్రతి స్టాపులోనూ కండక్టరు ముందుకు జరగండి, ముందుకు జరగండి అంటాడు. జనం జరుగుతారు. వాళ్లతోపాటు బస్సు ముందు భాగం కూడా జరుగుతుంది. వెనక భాగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కుర్మయ్యకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం కడిగే మిషను మీద పడుకోకపోతే ఒళ్లంతా నీరు పడుతుంది, ఊపిరాడదు. మొన్న రావలసినవాళ్లు ఈ బస్సు పుణ్యమా అని రాలేకపోయారు. ఇవాళ కూడా తప్పిందా, మనిషి దక్కడు. డాక్టరు ఈ మాట ఈదమ్మకు మొహం మీదే చెప్పాడు. దానికి తోడు ఇంకో చిక్కుంది. పేషెంటు వెంట మనిషి ఉంటేనే మిషను ఎక్కిస్తారు. కుర్మయ్యకు వెంట మనిషంటే ఈదమ్మే, ఇంకెవరున్నారు గనక.

అందుకని ఈదమ్మ దిగదు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, రాడ్డు పట్టుకుని వెనక్కి చూస్తుంది. బస్సు లోపలే ఎక్కడో దూరాన వాన పడుతోంది. ఆ వాన అవతల ఏమీ కనిపించడం లేదు.

కిక్కిరిసిన బస్సులో టికెట్టు చేతులు మారుతూ పోయినట్టే మాట కూడా పోతుంది. మా ఆయన వెనకున్నడు, ఉన్నవా అని అడుగమ్మా, అని ఈదమ్మ పక్కనున్న ఆమెను బతిమాలుతుంది. ఆమె తన వెనకామెతో అంటుంది, ఆమె ఇంకొకామెతో. జొన్నచేలో గాలి పోయినట్టు తలలు ఒకటొకటిగా వెనక్కి తిరుగుతాయి. చాలాసేపటికి తలలన్నీ ఇటు తిరుగుతూ జవాబు తెస్తాయి.

"ఉన్న అంటున్నడు."

ఈదమ్మకు ప్రాణం లేచి వస్తుంది. కాసేపాగి మళ్లీ అడిగిస్తుంది. ఈసారి జవాబు ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఉన్నడంట, అంటుంది పక్కామె. ఆయన మాట కాస్తా ఊరి మాట అయింది, అయినా ఉన్నాడు కదా, చాలు అనుకుంటుంది ఈదమ్మ. మూడోసారి అడిగాక మధ్యాహ్నం అవుతుంది. పక్కామె చెవి ఒగ్గి విని, ఈదమ్మ మొహం చూడలేక కిటికీ వైపు తిరిగి చెబుతుంది.

"ఉండెనంట."

ఉండె. పోయినవాళ్ల గురించి అనే మాట అది. మంచిగ ఉండె, నిన్నటిదాకా మాట్లాడుకుంట ఉండె. ఈదమ్మ ఫుట్‌బోర్డు మీది కాలు లోపలికి తీసుకుంటుంది. ఏడిస్తే ఎట్లా, కళ్లతో చూడందే ఏడవకూడదు అనుకుని వెనక్కి తిరుగుతుంది.

కండక్టరు చెయ్యి అడ్డం పెడతాడు. "వెనక్కు పోరాదు. బస్సన్నంక ముందుకే జరగాలె."

"నా మొగడు వెనకున్నడు."

"వెనకున్నోళ్లంత ముందుకొస్తరు. జర ఓపిక పట్టు."

"ఎప్పటికొస్తరు?"

"నాకేమెరుక. నేను ముందు కండక్టర్ని."

ఈదమ్మ అతని చెయ్యి కింద నుంచి దూరి వెళ్తుంది. మొదట మెత్తటి సీట్లు, చల్లటి గాలి. అక్కడివాళ్లు కళ్లు మూసుకుని చెవుల్లో పాటలు వింటున్నారు; వాళ్లకు బస్సు ఇంత పొడుగని తెలియదు. తరవాత ఫ్యాన్లు, తరవాత ఫ్యాన్లు ఉండిన చోట బొక్కలు. వాన కురిసే చోట జనం గొడుగులు వేసుకుని నిలబడ్డారు. మీకేం వినపడింది అని ఈదమ్మ దారిపొడుగునా అడుగుతుంది. ఉండె అనే వినపడింది, అంటారు అందరూ.

బస్సు నడిమధ్యలో సీట్లు పీకేసి ఒక బల్ల వేశారు. బల్ల వెనక ప్రణాళికా విభాగం అధికారి కూర్చుని ఒక పొడుగాటి గీతను ఇంకాస్త పొడుగు గీస్తున్నాడు. పక్కన టీ గ్లాసు ఉంది. ఈదమ్మ తన గోడు చెప్పుకుంటుంది. ఆయన విసుక్కోడు, పూర్తిగా వింటాడు.

"చూడమ్మా, బస్సు మీ బస్తీలో ఉందా? ఉంది. ఆసుపత్రి దగ్గర ఉందా? ఉంది. ఇంతకన్నా అనుసంధానం ఏం కావాలి?"

ఈదమ్మ ఆలోచిస్తుంది. ఆ మాటలో తప్పెక్కడుందో దొరకదు. దండం పెట్టి ముందుకు, అంటే వెనక్కి, పోతుంది.

అక్కడి నుంచి బస్సులో కాపురాలు మొదలవుతాయి. సీట్ల మధ్య పొయ్యిలు వెలుగుతున్నాయి, రాడ్ల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక ముసలాయన నిలబడే పుట్టాడట, నిలబడే పెళ్లి చేసుకున్నాడట. ఈ బస్సుకు డ్రైవరు ఉంటాడంటే ఆయన నవ్వుతాడు.

చివరికి వెనక తలుపు వస్తుంది. తలుపు అవతల ఈదమ్మ వాళ్ల గడపే ఉంది, పొద్దున వేసిన తాళం అలాగే ఉంది. కుర్మయ్య లేడు. వెనక కండక్టరు తలుపు పక్కన కూర్చుని గుట్కా నములుతున్నాడు.

"ఉండె గద," అంటాడు. "ఇంతసేపు ఈడ్నే ఉండె. నడిస్తెనే నయం, ఆమె ముందట ఒక్కతే ఎదురుచూస్తుంటది అని దిగి, బస్సు పక్కపొంటి పోయిండు."

ఈదమ్మ తల పట్టుకుని మెట్టు మీద కూలబడుతుంది. ఉండె అంటే ఇక్కడ ఉండె అని! నీళ్లు నిండిన కాళ్లతో ఆ మనిషి తన కోసం బయట నడిచిపోతుంటే, తాను లోపల నుంచి ఎదురొచ్చేసింది. బతికున్నాడన్న సంతోషం, ఎంత పని చేశాను అన్న బాధ ఒకేసారి పట్టుకుంటాయి. ఆమె అప్పుడు ఏడుస్తుంది.

కళ్లు తుడుచుకునేసరికి ముందు నుంచి తలలు తిరుగుతూ ఒక మాట వస్తుంది. కుర్మయ్య ఆసుపత్రికి చేరిండంట. మిషను ఖాళీగ ఉన్నదంట. వెంట మనిషి ఉన్నదా అని అడుగుతున్నరంట.

"ఉన్న," అంటుంది ఈదమ్మ. ఎదుటి ఆమె రెండు భుజాలూ పట్టుకుంటుంది. "ఉన్న అనే చెప్పు. ఇంకో తీరుగ చెప్పకు, నీ కాల్మొక్త."

ఆమె అలాగే చెబుతుంది. తరవాతామె ఉన్నదంట అంటుంది. మాట వెంటే ఈదమ్మ పరిగెత్తుతుంది, కానీ మాట ఎప్పుడూ ఒక తల ముందే ఉంటుంది. పొయ్యిలు దాటుతుంది, ఆరేసిన బట్టలు దాటుతుంది. ముసలాయన పక్కకు రాగానే ఆయన అవతలివాళ్లకు మెల్లగా చెప్పడం వినపడుతుంది. ఉండెనంట, పాపం.

ఆయన వెనకే నిలబడి నేనున్న అని అరుస్తుంది ఈదమ్మ. ఆయన తిరిగి చూసి, టోపీ తీసి చేతులు జోడిస్తాడు. బతికున్నవాళ్లకు దొరకని దారి చచ్చినవాళ్లకు వెంటనే దొరుకుతుంది. పక్కవాళ్లు ఆమెను పడుకోబెట్టి తలల మీదికి ఎత్తుతారు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, టికెట్టు అందించినంత జాగ్రత్తగా, ముందుకు అందిస్తారు. ఉన్న, ఉన్న అని ప్రతి చేతికీ చెబుతూ ఆమె వెల్లకిలా పోతుంటుంది. రాడ్లు మొహం మీదుగా వెనక్కి జరుగుతుంటాయి.

బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఇంకో మనిషి చేతుల మీద వస్తుంటాడు. కాళ్లు బాగా ఉబ్బి ఉన్నాయి. వెంట మనిషి లేని పేషెంటును ఇంటికి పంపిస్తున్నరంట, జరగండి జరగండి, అంటున్నారు అతన్ని మోసే చేతులవాళ్లు. బల్లకు సరిగ్గా పైన ఇద్దరూ పక్కపక్కకు వస్తారు. కుర్మయ్య తల తిప్పి చూస్తాడు.

"ఉన్నవా?" అంటాడు.

"ఉన్న," అంటుంది ఈదమ్మ.

అతని వేళ్లు ఆమె కొంగు అంచును పట్టుకుంటాయి. చేతులు మాత్రం ఆగవు. ఆమెను ముందుకు, అతన్ని వెనక్కు అందిస్తూనే ఉంటాయి, కొంగు ఇద్దరి మధ్యా సాగుతూ బస్సంత పొడుగు అవుతుంది. కింద అధికారి ఆ కొంగు తగిలి ఒలకకుండా తన టీ గ్లాసును కొంచెం పక్కకు జరుపుకుంటాడు.