ఉప్పు పడని పులుసు

నేను ఒక రాచ్చిప్పను. బలపపు రాయిని తొలిచి నన్ను చేశారు. పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దే బలపానికీ నాకూ పుట్టిల్లు ఒకటే. అది అరిగిపోతూ చదువు చెప్పింది, నేను నల్లబడుతూ పులుసు కాచాను. ఎవరి రాత వారిది.

ఒక తీర్థం సంతలో, గడ్డి పరిచిన బండి మీద ఉన్న నన్ను అనసూయమ్మ తల్లి వేలి కణుపుతో కొట్టి, మోత విని కొనుక్కుంది. ఇంటికి తెచ్చి నూనె, పసుపు పట్టించి, కొన్నాళ్ళు గంజి పోసి ఉంచింది. అలా మచ్చిక చెయ్యకుండా పొయ్యి ఎక్కిస్తే మేం పగులుతాం. కొత్త కోడళ్ళ విషయంలో మనుషులు ఇంత ఓపిక పట్టరు. కూతురు కాపురానికి వెళ్ళేటప్పుడు ఆవిడ నన్నూ సారెలో పెట్టింది. ఆ ఇంట్లో వంట చేసేది అల్లుడని పాపం అప్పటికి తెలియదు.

రామేశంగారు కరెంటాఫీసు ఉద్యోగి. చిన్నప్పుడే తల్లి పోయి, గరిటె చేతికొచ్చింది. దాన్ని ఆయన మళ్ళీ వదల్లేదు. "రామేశానికి గరిటె, అనసూయకు పేపరు" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నవ్విన వాళ్ళే గిన్నె పట్టుకుని పులుసుకు వచ్చేవారు.

వండేవాడు ముందు రుచి చూస్తే ఎంగిలి అని ఆయన పట్టింపు. అందుకని పులుసు పొంగగానే గరిటెతో తీసి, ఊది, అనసూయమ్మ అరచేతిలో ఒక బొట్టు వేసేవారు. ఆవిడ పేపరు మీంచి కళ్ళెత్తకుండానే నాకి, "దేవుడి కంటే ముందు నాకా నైవేద్యం" అనేది. తరవాత ఉప్పు సంగతి చెప్పేది. ఆవిడ సరిపోయిందంటేనే ఆయన స్టవ్ కట్టేసేవారు.

అనసూయమ్మకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డాక్టరు ఉప్పు మానిపించాడు. రామేశంగారు ఆ మాటను ఎక్కాల పుస్తకంలా పట్టుకున్నారు. ఉప్పు జాడీ అటక ఎక్కింది. తనూ చప్పిడే తిన్నారు. అయినా అరచెయ్యి చాపడం ఆవిడా మానలేదు, బొట్టు వెయ్యడం ఆయనా మానలేదు. బావుందనేది.

ఒకరోజు మాత్రం చెయ్యి చాపి, "ఏవండీ, ఇవాళ ఒక్కపూట రెండు రాళ్ళు వెయ్యండి" అని అడిగింది.

"ప్రాణం కంటే నాలుకే ఎక్కువైందా నీకు?" అన్నారాయన.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆ తరవాత నా మీద సెగ పడలేదు. ఆయన వీధి చివర కర్రీ పాయింటు నుంచి కూర, చారు పొట్లాలు తెచ్చుకుని, నిలబడే తినేవారు. పొట్లాలకు చుట్టిన రబ్బరు బాండ్లు నాలో పడేసేవారు. పులుసు కాచిన నేను రబ్బరు బాండ్ల చిప్పనయ్యాను.

అనసూయమ్మ చెల్లెలు రాజ్యం అనకాపల్లి నుంచి వచ్చింది. వస్తూనే పొట్లాలు చూసి, ఇంత దూరం వచ్చింది ప్లాస్టిక్ కవర్లో చారు తాగడానికా అని బావగారిని నిలదీసింది. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ రబ్బరు బాండ్లు గుమ్మరించి, నన్ను కడిగి, తడి తుడవకుండానే పెద్ద మంట మీద పెట్టేసింది.

నా అడుగు చిటపటలాడింది. కుర్చీలోంచి రామేశంగారు లేచి వచ్చారు.

"అలా పెడితే పగిలిపోతుందమ్మా. సెగ తగ్గించు. నువ్వు జరుగు."

తెలియక చేసిందో, తెలిసే చేసిందో నేను చెప్పలేను. ఆవిడ జరిగింది. ఆయన చింతపండు పిసికారు. ఆవిడ తెచ్చిన ఆనపకాయ, ములక్కాడలు తరిగారు. పోపు వేసేటప్పుడు ఆయన భుజాలు కాస్త సర్దుకున్నాయి. నన్ను దించి, రాజ్యానికి వడ్డించారు.

ఆవిడ ఒక ముద్ద తిని ఆగింది. "ఉప్పు మరిచిపోయారు బావగారూ."

"మరిచిపోలేదు. చెయ్యి వెళ్ళలేదు." అటక వైపు చూశారు. "మీ అక్క రెండు రాళ్ళు అడిగింది, రాజ్యం. తిట్టాను. ఇప్పుడు నేను ఉప్పేసుకుని తింటే..."

"తినకపోతే మాత్రం అక్కకు పెట్టినట్టా?"

రాజ్యం అటక మీంచి జాడీ దింపి, కాస్త ఉప్పు తీసి ఆయన చేతికే ఇవ్వబోయింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. చేతికి ఉప్పిస్తే తగువులొస్తాయని పెద్దలంటారు.

"రానివ్వండి" అంది రాజ్యం. "తగువాడే మనిషి ఉంటేనే కదా ఈ ఇల్లు ఇల్లు."

ఆయన అరచెయ్యి చాపారు.

ఇనుమూ స్టీలూ దించగానే చల్లారతాయి. నేను అలా కాదు. దించి అంతసేపైనా నాలో పులుసు ఇంకా కుతకుతమంటూనే ఉంది. ఆయన వేసిన ఉప్పు అందులో కరిగింది. ఆయన కూర్చుని, కలుపుకుని, తిన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. తల దించుకుని, తప్పు ఒప్పుకున్నట్టుగా, "బావుంది" అన్నారు.

రాజ్యం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పులుసులో బెల్లం ఎక్కువైందని ఒకరు, కాదని ఒకరు, తగువు కూడా పడ్డారు. మర్నాడు ఆయన సంచితో వంకాయలు తెచ్చారు. ఆ మర్నాడు చిలగడదుంపలు. గోంగూర వలుస్తూ ఏదో కూనిరాగం తీసి, చటుక్కున ఆపేశారు.

ఉప్పు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ ఆయన చెయ్యి గాలిలో ఆగుతుంది. నేను తొందరపెట్టను. రాయిని, కాసేపు వేడి నిలుపుకోగలను. ఆ చెయ్యి ఆగుతుంది. తరవాత వేస్తుంది.