బుల్లెట్‌కి వచ్చిన పేరు

కుక్క మనిషిని కరిచిందని తెలిసిన రోజు జయరామయ్య నెల్లూరు నుంచి ఫోన్ చేసి, "శభాష్ దరియావలీ!" అన్నాడు.

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే జయరామయ్యకు ఎనిమిది రొయ్యల గుంటలున్నాయి. వాటికి కాపలా దరియావలి. వయసు యాభై ఎనిమిది. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో రెండేళ్ళుగా సరైన నిద్ర లేదు.

"ఇంక ఆ కట్ట మీదికి నరమానవుడు రాడు," జయరామయ్య గొంతులో హుషారు దాగడం లేదు. "కరిపించుకున్న ఆ పెంచలయ్య వైద్యం నేను చూసుకుంటాలే. నువ్వు గొలుసు మాత్రం గట్టిగా కట్టు. ఇంకోణ్ణి కరిస్తే పోలీసు కేసవుద్ది."

"అట్నే అయ్యా."

ఫోన్ పెట్టేసి కిందికి చూశాడు. నరమానవుణ్ణి రానివ్వని ఆ పిట్‌బుల్ కుక్క దరియావలి పాదం మీద గడ్డం ఆనించి గురక పెడుతోంది.

దాని పేరు బుల్లెట్. గుంటల దగ్గర కరెంటు కేబుల్ రెండుసార్లు దొంగలు కోసుకుపోయాక, జయరామయ్య దాన్ని చెన్నై నుంచి కారులో తెప్పించాడు. పెద్ద తల, ఇంత వెడల్పు దవడలు, రాయిలాంటి ఛాతీ. చూసినవాడికి గుండె జారాల్సిందే. మొదటి వారంలోనే దరియావలికి అసలు సంగతి అర్థమైంది. పాత ఇనుము కొనేవాడొకడు చెప్పాపెట్టకుండా షెడ్డులోకి వస్తే, బుల్లెట్ ఎదురెళ్ళి వాడి ముందు వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. దానికి మనిషి కనిపిస్తే చాలు. ఏ మనిషైనా సరే.

ఈ సంగతి బయటపడితే కుక్క వెనక్కి పోతుంది. కుక్కను నమ్ముకుని రెండో కాపలావాణ్ణి తీసేసిన జయరామయ్య, మళ్ళీ కేబుల్ పోతే తననూ ఉంచడు. అందుకని దరియావలి క్రీస్తుదాసు టీ కొట్లో కూర్చుని ఒక కథ అల్లాడు. చెన్నైలో ఇది ఒకడి మోచేతిని కొరికి పట్టుకుంటే ముగ్గురు కలిసి విడిపించలేకపోయారన్నాడు. పచ్చి మాంసం తప్ప ముట్టదన్నాడు. తనైనా సరే కర్ర లేకుండా దగ్గరికి పోనన్నాడు. సాయంత్రం కూలి జనం ఇళ్ళకు మళ్ళే వేళకు దాని మూతికి తోలు చిక్కం బిగించి, రెండు గొలుసులు కట్టి, అది లాక్కుపోతున్నట్టు తానే వెనక్కి వాలి నడిచేవాడు. అలా రెండేళ్ళు నటించాడు. కేబుల్ మళ్ళీ పోలేదు. ఆ కథ జయరామయ్యా నమ్మాడు. గుంటలు చూడ్డానికొస్తే కారు దిగడు.

కథలో నిజం బొత్తిగా లేకపోలేదు. మనుషుల దగ్గర పసిబిడ్డలాంటి బుల్లెట్, కుక్క కనిపిస్తే మారిపోతుంది. ఒకసారి కట్ట మీదికొచ్చిన ఊరకుక్క మెడ పట్టుకుని వదల్లేదు. నాలుగు బక్కెట్ల నీళ్ళు పోసినా వదల్లేదు. ఆఖరికి మెడపట్టీ మెలితిప్పి ఊపిరాడకుండా చేస్తే వదిలింది. ఆ రోజు నుంచి దరియావలి గొలుసు విషయంలో మాత్రం నటించడం మానేశాడు.

పెంచలయ్యను కుక్క కరిచింది ఉదయం ఆరింటికి. అతను కాలువ అవతల రమణయ్య చేపల గుంటల్లో పనిచేస్తాడు. పిక్క చీలి రక్తం కారుతుంటే కుంటుకుంటూ ఊళ్ళోకొచ్చి, "పిట్‌బుల్ పీకేసింది" అన్నాడు. ఎలా, ఎక్కడ అని ఎవరూ అడగలేదు. సరిగ్గా ఆ ఆరింటికి బుల్లెట్ షెడ్డులో పెరుగన్నం తింటోంది. గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నది దరియావలే.

ఆ మాట జయరామయ్యకు చెప్పాల్సింది. చెప్పలేదు. కరవలేదంటే, మరి కరుస్తుందా అని అడుగుతాడు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి పది రోజుల్లో ఉంది. రొయ్య మంచి సైజుకొచ్చింది. ఆ పది రోజులు గడిస్తే చాలనుకున్నాడు.

మర్నాటి నుంచి పెంచలయ్య భార్య వెంకటశేషమ్మ రావడం మొదలుపెట్టింది. పది గంటలకల్లా కంచె అవతల నిలబడేది.

"సాయిబన్నా, బతికుండాదా?"

"ఉండాదమ్మా."

"నురగ్గినా కక్కతా ఉండాదా?"

"అట్టాంటివేం లేవు."

ఆసుపత్రిలో డాక్టరు మొదటి సూది వేసి, కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమన్నాడట. టీకాలు వేయించిన పెంపుడు కుక్కే కాబట్టి భయం తక్కువేననీ, అయినా మిగతా సూదులు మానొద్దనీ చెప్పి పంపాడు. వెంకటశేషమ్మకు ఒక్కటే అర్థమైంది. కుక్క బతికితే మొగుడు బతుకుతాడు. మూడో రోజు ఆమె ఆకులో బోటీ పొట్లం కట్టుకొచ్చి కంచె మీదుగా విసిరింది.

"దానికి పెట్టన్నా. ఈ పది దినాలూ దాన్ని నా బిడ్డ మాదిరి చూసుకో. తర్వాత అది చస్తే నాకేం, బతికితే నాకేం."

"నీ మొగుడు రెండో సూదికి పోయినాడా?"

"యాడ పోయినాడు! కుక్క గుండ్రాయి మాదిరి ఉండాదంట గదా, ఊరికే పొడిపించుకునేదెందుకంటాడు. సూదంటే పానం పోద్ది ఆయనకి."

దరియావలి బోటీ వండి బుల్లెట్‌కి పెట్టాడు. అది సగం తిని, పెరుగన్నం గిన్నె వైపు చూసింది. ఆయనకు నవ్వు రాలేదు. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. కళ్ళు మండుతున్నాయి.

ఆరో రోజు పదకొండింటికి జడ్సన్ స్కూటర్ మీద వచ్చాడు. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. బుల్లెట్‌కి టీకాలు వేసింది అతనే కాబట్టి ఊళ్ళో దాని గుట్టు తెలిసిన మనిషి అతనొక్కడేనని దరియావలి నమ్మకం. బుల్లెట్ దవడలు పట్టుకుని చూసి, దాని వీపు మీద ఒకటి చరిచాడు.

"దీనికేం రోగమన్నా! నాకంటే బాగుండాది." తర్వాత మామూలుగా అన్నాడు, "కాలువ కాడ మాత్రం జాగ్రత్త. ఆడొక మచ్చల కుక్క నిన్న చచ్చింది. రొండు దినాల్నించి గాల్ని కరస్తా, గోడల్ని కరస్తా తిరిగింది. రొండు దూడల్ని కూడా కరిచింది. పిచ్చిదే. టెస్టుకు పంపినాం గానీ, నాకు అనుమానమే లేదు."

దరియావలి చేతిలో మేత డబ్బా ఆగిపోయింది.

"కాలువ కాడ యాడ?"

"రమణయ్య చేపల గుంటల దోవలో. చేపల మేతకని కోడి వేస్టు తెచ్చి పారబోస్తా ఉండారు గదా దొంగతనంగా, ఆ కంపుకి చేరినాయి ఊరకుక్కలన్నీ."

"జడ్సనూ, ఆ కుక్క ఆరు దినాల ముందు మనిషిని కరిచుంటే?"

జడ్సన్ తలెత్తి చూశాడు. ఆ ప్రశ్నలో ఏదో ఉందని అతనికి అర్థమైంది.

"లోతు గాయమైతే సూదులొక్కటే చాలవన్నా. గాయం చుట్టూ సీరమ్ అని ఇంకో మందు వేయాల. మొదటి సూది పడిన ఏడు దినాల లోపల్నే. అది దాటితే వేయరు. ఆ జబ్బు బయటపడినాక మందు లేదు. ఎంత పెద్ద ఆసుపత్రి అయినా సరే, లేదు." కుక్కను వదిలి లేచాడు. "ఎవుర్ని కరిచింది?"

దరియావలి పెంచలయ్యకు ఫోన్ చేశాడు.

"పెంచలయ్యా, నిజం చెప్పు. నిన్ను కరిచింది కాలువ కాడి కుక్క గదా?"

"నన్ను కరిచింది నీ కుక్కే సాయిబూ. ఊరంతటికీ తెలుసు," అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

దరియావలి మంచం మీద కూర్చున్నాడు. ఊరికే ఉంటే ఇంకో నాలుగు రోజుల్లో పట్టుబడి అయిపోతుంది. పని నిలుస్తుంది. పెంచలయ్యకు ఏమైనా అయినా, కారణం ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అలా అనుకుని చూశాడు. ఆ ఆలోచన కూడా బరువుగానే ఉంది. లేచి గొలుసు తీశాడు.

"నువ్వు ముందు పోయి ఆటో పిలువు," అన్నాడు జడ్సన్‌తో. "నెల్లూరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి ఆ సీరమ్ ఉండాదేమో కనుక్కో. నేను దీన్ని తీసుకుని పెంచలయ్య ఇంటికి వస్తా."

"పట్టపగలు ఊళ్ళోకా? దీన్నా?"

"మనుషులతో భయం లేదు. దోవలో కుక్కలు తగలకుంటే చాలు."

తగిలాయి. క్రీస్తుదాసు కొట్టు మలుపులో మూడు కుక్కలు మొరుగుతూ ఎదురొచ్చాయి. బుల్లెట్ మొరగలేదు. ఒళ్ళంతా బిగదీసి ఒక్కసారిగా ముందుకు దూకింది. మూతికి చిక్కం ఉన్నా గొలుసు దరియావలి అరచెయ్యి తోలు లేపేసింది. ఆయన కరెంటు స్తంభానికి గొలుసు ఒక చుట్టు చుట్టి, కాళ్ళు నేలలో తన్నిపెట్టి నిలబడ్డాడు. ఈసారి నటన లేదు.

"రాళ్ళెయ్యి దాసూ! ఆ కుక్కల్ని తోలు!"

క్రీస్తుదాసు టీ గిన్నె మూత విసిరాడు. గిరాకీలు బెంచీలెక్కారు. మూడు కుక్కలూ సందులోకి పారిపోయేసరికి దరియావలి చొక్కా తడిసి ముద్దయింది. బుల్లెట్ తోక ఊపుతూ బెంచీల మీది మనుషులను పలకరించబోయింది. వాళ్ళు కేకలు పెట్టారు.

పెంచలయ్య వాకిట్లో అరుగు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. వెంకటశేషమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. పక్కింటివాళ్ళు నలుగురు కబుర్లాడుతున్నారు. దరియావలి గుమ్మం ముందు ఆగి, వంగి, అందరూ చూస్తుండగా చిక్కం విప్పేశాడు.

చాట ఎగిరిపడింది. వెంకటశేషమ్మ లోపలికి పరిగెత్తి తలుపు మూసింది. పక్కింటివాళ్ళు గోడ దూకారు. బుల్లెట్ ఒళ్ళంతా తిప్పుకుంటూ నేరుగా అరుగు దగ్గరికెళ్ళి పెంచలయ్య ఒళ్ళో తల పెట్టింది. పెంచలయ్య చెయ్యి తనంతట తానే దాని చెవి వెనక్కి పోయి గోకింది.

తలుపు జానెడు తెరుచుకుంది.

"ఏందయ్యా ఇది?" వెంకటశేషమ్మ తల బయటపెట్టింది. "కరిపించుకునింది నువ్వు. మేమందరం పరిగెత్తినాం. నువ్వు కూర్చున్న చోటు నుంచి కదల్లా. పైగా గోకతా ఉండావే!"

పెంచలయ్య చెయ్యి తీసేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"కాలువ కాడి మచ్చల కుక్క నిన్న పిచ్చెక్కి చచ్చింది పెంచలయ్యా," దరియావలి అరుగు మీద కూలబడ్డాడు. నిలబడే ఓపిక లేదు. "రేపు దాటితే సీరమ్ వేయరంట. ఇప్పుడన్నా చెప్పు."

పెంచలయ్య కాలి కట్టు వైపు చూసుకున్నాడు.

"రోజూ తెల్లారకుండా రమణయ్యకి కోడి వేస్టు డ్రమ్ములు తోలతా," అన్నాడు చివరికి. "అది బయటపడితే ఆఫీసర్లొచ్చి గుంటలు మూసేస్తారు, మా పనులు పోతాయి. ఆ మచ్చలది డ్రమ్ము దించతా ఉంటే పట్టుకునింది. నీ కుక్క పేరు చెప్తే ఎవురూ ఏం అడగరనుకున్నా." కళ్ళెత్తి దరియావలి వైపు చూశాడు. "నువ్వు పొద్దున్నే దీనికి పెరుగన్నం పెట్టేది కట్ట మీద నుంచి రోజూ చూస్తా ఉండా. నేనూ రొట్టె ముక్కలేస్తా. కరవదని నాకు తెలుసు. ఊరికి తెలీదు గదా. ఊరు నమ్మేటట్టు చెప్పింది నువ్వే గదా సాయిబూ!"

దరియావలి చేతిలోని చిక్కం భుజాన వేసుకున్నాడు.

వెంకటశేషమ్మ తలుపు పూర్తిగా తీసుకుని బయటికొచ్చింది. కుక్కను దాటుకుని వచ్చానన్న ధ్యాసైనా లేదు ఆమెకు. మొగుడి చొక్కా పట్టుకుని లేపింది. "లెయ్. సూదికి భయపడే మొగోడా, లెయ్!"

జడ్సన్ తెచ్చిన ఆటోలో ముగ్గురూ నెల్లూరు పోయారు. సీరమ్ ఉందని ఫోన్‌లో చెప్పారట. దరియావలి బుల్లెట్‌ని తీసుకుని తిరిగి నడిచాడు. ఈసారి బెంచీల మీద ఎవరూ ఎక్కలేదు. క్రీస్తుదాసు బిస్కట్ ఒకటి చేతిలో పెట్టి చాపాడు. బుల్లెట్ దాన్ని పెదాలతో అందుకుంది. కొట్లో అందరూ పగలబడి నవ్వారు. వాళ్ళ వెనక నిలబడ్డ ఇద్దరు కొత్తవాళ్ళు నవ్వకుండా, కుక్క వైపు శ్రద్ధగా చూశారు. రెండేళ్ళ కాపలా అక్కడ ముగిసిందని దరియావలికి తెలిసిపోయింది.

అయిదింటికి వెంకటశేషమ్మ ఫోన్ చేసింది. "ఏసినారన్నా, గాయం చుట్టూతా. ఆసుపత్రి లేచిపోయేటట్టు అరిచినాడు. ఇంక సూదులు తప్పకుండా ఏపిస్తే భయం లేదన్నాడు డాక్టరు. ఎట్టా తప్పిస్తాడో నేనూ చూస్తా."

దరియావలి ఫోన్ పట్టుకునే కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

ఆరింటికి జయరామయ్య కారు వచ్చింది. అద్దం రెండంగుళాలు దిగింది.

"ఊళ్ళో ఏందో అంటా ఉండారే?"

"నిజమేనయ్యా. అది మనుషుల్ని కరవదు. మొదట్నించీ కరవదు."

"రొండేళ్ళు నేను కార్లోనే కూర్చున్నా గదయ్యా!"

"మీరు దిగుంటే నాకు పనుండేది కాదయ్యా."

బుల్లెట్ కారు తలుపు మీద ముందుకాళ్ళు పెట్టి, అద్దం సందులోంచి జయరామయ్యను వాసన చూసింది. ఆయన వెనక్కి జరిగాడు. "పట్టుబడి దాకా ఉండు. ఇద్దరు మనుషుల్ని పంపిస్తా తోడు. తర్వాత నీ దోవ నువ్వు చూసుకో. ఇది నాకొద్దు, నువ్వే తోలుకుపో."

కారు పోయాక దరియావలి తడ ఊళ్ళో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు. జమాల్‌బీ అక్కడ కూతురు ఇర్ఫానా దగ్గర ఉంటుంది.

"నాలుగు దినాల్లో వస్తా ఉండా. పని అయిపోయింది. కుక్కను కూడా తెస్తా ఉండా."

"ఇంట్లోకా? నమాజు చేసుకునే ఇంట్లోకి కుక్కా?"

"వాకిట్లో కడతాలే."

"మోచెయ్యి పీకేసిన కుక్క గదా అది! ఇర్ఫానా బిడ్డ తిరగతా ఉంటది వాకిట్లో."

"అదంతా నేను కల్పించి చెప్పిందే. మనుషుల్ని కరవదు. అయినా బిడ్డను దాని కాడ ఒంటరిగా వదలబాకండి, అది ఏ కుక్కకైనా చేయాల్సిందే. వీధి కుక్కల్ని మాత్రం దాని దగ్గరికి రానీబాక. ఆ ఒక్కటీ దానికి పడదు."

జమాల్‌బీ ఆలోచించింది. "ఈసారన్నా నిజమే చెప్తా ఉండావా?"

"నిజమే చెప్తా ఉండా. అబద్ధం చెప్పే ఓపిక లేదు నాకు."

"సరే. గొలుసు గట్టిది తీసుకురా," అంది జమాల్‌బీ.