మధ్యాహ్నం విప్పని మూట

పిన్ని ఇంట్లో ఆ పిల్ల తనవి అనుకోదగ్గ చోట్లు రెండే. కుట్టుమిషను వెనక గోడవారగా చాప పరుచుకునే జాగా ఒకటి, వంటింటి కిటికీకి కొట్టిన మేకు ఒకటి. ఆ మేకుకి ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ మూట వేలాడుతూ ఉండేది. ఒకరోజు పెసలు, ఒకరోజు శనగలు, వారానికోసారి మెంతులు.

ఊళ్లో బడి పదో తరగతితో ఆగిపోతుంది. ఆపైన చదవాలంటే పట్నం రావాల్సిందే. అమ్మ తన చెల్లెలికి ఫోన్ చేసి, మాట మింగుతూ మింగుతూ అడిగింది. పిన్ని ఔననీ కాదనీ తేల్చకుండా, తన బాధ తను మొదలుపెట్టింది. బాబాయికి షుగరొచ్చింది, పొద్దున్నే మొలకలు తినమన్నాడు డాక్టరు, తను కడితే జిగురుపట్టి ఇల్లంతా కంపు.

"మా పిల్ల కడుతుందిలేవే, వాళ్ల నాయనమ్మ నేర్పింది దానికి" అంది అమ్మ.

"అయితే పంపించు. కాలేజీ మా సందు చివరే కదా" అంది పిన్ని.

అలా మొలకల పని, పైచదువు ఒకే మాటలో ఆ పిల్ల చేతికొచ్చాయి. రెండేళ్ల చదువు. ఒకటి తెగిపోతే రెండోది కూడా తెగిపోతుందని ఎవరూ చెప్పకపోయినా ఆమెకి తెలుసు. అందుకే పరీక్షల రోజుల్లో కూడా మేకు ఖాళీగా ఉంచలేదు.

పిన్ని స్కూలు యూనిఫాంలు కుట్టి దుకాణానికి ఇచ్చేది. చేతులు ఎంత వడివో నోరూ అంతే. "మా అక్క కూతురు మాట్లాడితే పళ్లు అరిగిపోతాయేమో" అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది. పిల్ల నవ్వి ఊరుకునేది. బాబాయి అచ్చు ప్రెస్సులో పని. గోళ్ల సందుల్లో నల్లసిరా ఎప్పటికీ పోదు. ఆ వేళ్లతోనే గిన్నె అందుకుని, ఒక్కో మొలకా తీసి తోక చూసి మరీ నోట్లో వేసుకునేవాడు.

"ఏం మొలకమ్మా, ఇవాళ తోకలు బారెడున్నాయే! రాత్రి కూర్చోబెట్టి లాగావా ఏంటి?" అనేవాడు.

ఆ ఇంట్లో ఆమెని పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కడే. అదీ అసలు పేరు కాదు. అయినా ఆమెకి అదే బాగుండేది.

మొలకలు కట్టడం పెద్ద విద్యేం కాదు. రాత్రి నానెయ్యాలి. పొద్దున నీళ్లు వంచేసి, గుడ్డని ఒక్క చుక్క కూడా రాలనంతగా పిండి, గింజలకి ఊపిరాడేట్టు వదులుగా మూట కట్టాలి. సాయంత్రం ఒకసారి తడపాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నాయనమ్మ చేతిలో ఇంకోటి ఉండేది. మధ్యాహ్నం మూట మీద అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు ఆనించి చూసేది. "గింజలకి జ్వరమొస్తుందే. వెచ్చగా తగిలిందా, విప్పి పళ్లెంలో పరిచి గాలి పట్టించు. లేకపోతే సాయంత్రానికి పులుస్తాయి" అనేది.

అందుకే పిల్ల కాలేజీలో భోజనాల గంట కొట్టగానే పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేది. ఆ వేళకి పిన్ని కుట్టిన బట్టలు సంచిలో వేసుకుని దుకాణానికి పోయి ఉండేది. పిల్ల మూట విప్పి, పరిచి, తను నాలుగు ముద్దలు తినేలోగా గింజలు చల్లబడితే మళ్లీ కట్టేసి వెళ్లిపోయేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. తను చేస్తున్నట్టు తనకే గుర్తుండేది కాదు.

మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయి ఎండలు ముదిరాక, పిన్ని ఒకరోజు ఉన్నట్టుండి స్టూలు లాక్కుని వంటింట్లో ఆమె పక్కన కూర్చుంది.

"నాకూ చూపించవే, నీ చేతిలో ఏముందో."

ఆ వారమంతా పండగలా గడిచింది ఆ పిల్లకి. పొద్దునా సాయంత్రం పిన్ని పక్కనే ఉండి ఎన్ని నీళ్లు, ఎన్ని గంటలు, గుడ్డ ఎంత గట్టిగా పిండాలి అని అడిగింది. గింజల్లో రాళ్లు ఏరుతూ చిన్నప్పుడు అమ్మా తనూ ఎలా కొట్టుకునేవాళ్లో చెప్పి నవ్వించింది. ఒకరోజు వెనక కూర్చుని జడ కూడా వేసింది. "జుట్టు అచ్చం మా అక్కదే. పొగరు లేదు, అదొక్కటే తేడా" అంది. పిల్ల గొంతు పెగుల్చుకుని, ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు ఆ వారంలో మాట్లాడింది. మెంతులు విడిగా కట్టాలని, లేకపోతే చేదు అన్నిటికీ అంటుతుందని చెప్పింది. కొత్త గింజలకీ పాత గింజలకీ తేడా చెప్పింది. మధ్యాహ్నం మాత్రం పిన్ని ఎప్పట్లా దుకాణానికి పోయేది. పిల్ల ఎప్పట్లా మూట విప్పి ఆరబెట్టి కట్టేసేది.

ఎనిమిదో రోజు మూట పిన్నే కట్టింది. బాగా మొలిచాయి. బాబాయి తోకలు చూసి, "గురువుని మించిన శిష్యురాలివే!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది పిల్లే.

పదో రోజున నాన్న వచ్చాడు.

కబురు పెట్టింది పిన్ని. ఇంకో మిషను కొంటోందట, కుట్టడానికి ఒకావిడని పెట్టుకుంటోందట. మిషను వెనక జాగా కావాలి. "పెద్దపిల్ల, ఇరుకింట్లో దానికీ ఇబ్బందే బావా. ఏడాది చదివింది కదా, చాల్లే" అంది. నాన్న తలొంచుకుని, "ఇన్నాళ్లు పెట్టుకున్నావు, అదే పదివేలు" అన్నాడు.

బాబాయి గిన్నెలోకి చూస్తూ, "ఒక్క ఏడాది ఆగితే దాని చదువు..." అన్నాడు. పిన్ని మిషను తొక్కింది. ఆ చప్పుడులో మిగతా మాట కలిసిపోయింది. చప్పుడు ఆగాక ఆయన మళ్లీ అనలేదు.

పిల్ల చాప చుట్టి మూల పెట్టింది. పుస్తకాలు సంచిలో సర్దుకుంది. అవతల కిటికీ మేకుకి ఆ పొద్దున పిన్ని కట్టిన మూట వేలాడుతోంది. గుమ్మం దాటబోతుంటే పిన్ని కేకేసింది.

"ఇదిగో, మొలకల సంగతి ఇంకేమైనా మిగిలిందేమిటే, చెప్పడానికి?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. చేతి వెనకవైపు వెచ్చగా అనిపించినట్టయింది కూడా. వారమంతా అన్నీ చెప్పింది, అదొక్కటే చెప్పలేదు. చెప్పడానికి నోరు కూడా తెరిచింది.

"ఏం లేదు పిన్నీ. అంతే."

బస్సులో నాన్న కునుకుతుంటే ఆమె కిటికీలోంచి ఎండని చూస్తూ లెక్కేసుకుంది. ఇన్నాళ్లూ మధ్యాహ్నం విప్పింది తను. ఇవాళ్టినుంచి ఎవరూ విప్పరు. ఈ ఎండకి రెండు రోజుల్లో పులుస్తాయి. బాబాయి ఒక్కటి నోట్లో వేసుకుని ఉమ్మేస్తాడు. "ఇవేం మొలకలే, పిల్లని పిలిపించు" అంటాడు. పిన్ని గొణుక్కుంటూ ఫోన్ చేస్తుంది. అప్పుడు కాలేజీ తెరిచేలోగా మళ్లీ చాప పరుచుకోవచ్చు. మిషను వెనక కాకపోతే వంటింట్లో. ఇంతే ఆమె అనుకున్నది. ఇంతకన్నా ఏమీ అనుకోలేదు.

ఫోన్ రాలేదు. అమ్మ చీర కొంగున కట్టుకు తిరిగే ఆ పాత ఫోన్ మోగినప్పుడల్లా పిల్ల చేతిలో పని వదిలి నిలబడేది. పెద్దనాన్న, విత్తనాల కొట్టాయన, ఎవరో పొరపాటు నంబరు. కాలేజీ తెరిచిన రోజు పొలంలో కలుపు తీసింది. ఆ మర్నాడు కూడా తీసింది. కాలేజీ తెరిచి పది రోజులయ్యాక పిన్ని ఫోన్ చేసింది.

"మీ మరిది చావు తప్పి బయటపడ్డాడక్కా!" పిన్ని గొంతు వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినిపించింది. వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో అయిదు రోజులు. ముందే షుగరు మనిషి, ఒంట్లో నీరంతా పోయింది. మొలకలు పాడయ్యాయన్నాడు డాక్టరు. "నీ కూతురు చూపించినట్టే చేశానక్కా. ఒక్కటి కూడా తప్పలేదు. ఒట్టు."

బాబాయి ఫోన్ తీసుకుని, పిల్లకి ఇమ్మన్నాడు. గొంతు సగమైంది.

"ఏం మొలకమ్మా... చదువుతున్నావా?"

"లేదు బాబాయ్."

"వాసనొస్తూనే ఉన్నాయి తల్లీ, నాకు తెలుస్తూనే ఉంది. పారేస్తే మీ పిన్ని చిన్నబుచ్చుకుంటుందని తిన్నాను. పాపం, రోజూ లేచి కట్టేది. ఏదో ఒకటి అనకూడదు కదా, తినేశాను. నీకేం సంబంధం లేదులే, నువ్వేం పెట్టుకోకు మనసులో."

"బాబాయ్, మధ్యాహ్నం..." అంది ఆమె.

ఈలోగా పిన్ని ఫోన్ లాక్కుంది. "ఎక్కువ మాట్లాడకూడదే ఆయన. మొలకలూ వద్దు, ఏమీ వద్దు. మాత్రలు రాసిచ్చాడు డాక్టరు. ఆ మేకు కూడా పీకించేశా, చూస్తేనే భయమేస్తోంది. ఉంటానే."

అమ్మ ఫోన్ కొంగున కట్టుకుంటూ, "దానికి ఓపిక తక్కువ, ఎక్కడో ఏదో మర్చిపోయుంటుంది" అంది.

ఆ రాత్రి పిల్ల గుప్పెడు పెసలు నానేసింది. పొద్దున నీళ్లు వంచి, గుడ్డ పిండి, మూట కట్టి దూలానికి వేలాడదీసింది. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి చేతి వెనకవైపు ఆనించి చూసింది. వెచ్చగా ఉంది. అలాగే వదిలేసి మళ్లీ పొలానికి పోయింది. రెండో రోజూ అంతే చేసింది.

మూడో రోజు పొద్దున విప్పితే వేళ్లకి జిగురు సాగింది. అమ్మ దూరం నుంచే ముక్కు మూసుకుంది.

"ఛీ, కంపు కొడుతున్నాయి కదే. పశువులు కూడా ముట్టవు. పారెయ్."

పిల్ల ఒకటి తీసి తోక చూసింది. నోట్లో వేసుకుంది. ముందు పులుపు, తర్వాత చేదు, ఆ తర్వాత గొంతులో బురద నీళ్ల వాసన. బాబాయి రోజూ ఇవే నమిలి, బాగున్నాయని తలూపి, ప్రెస్సుకి పోయుంటాడు.

"వింటున్నావా? పారెయ్యవే!" అంది అమ్మ.

పిల్ల ఇంకోటి తీసుకుంది.