బావ కడుపులో మా ఆయన

మా బావకు మందుల షాపుంది. షాపు ఉన్నంత మాత్రాన డాక్టరు అయిపోరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. కౌంటరు ముందు ఎవరైనా తుమ్మితే చాలు, ఆ తుమ్ము పూర్తయ్యేలోపే అలమరలోంచి యాంటీబయాటిక్ షీటు తీసి కత్తెరతో కత్తిరించేవాడు. "పొద్దునొకటి, సాయంత్రమొకటి. లోపల క్రిమి అన్నది మిగలకూడదు" అనేవాడు. క్రిమి అన్న మాట ఆయన నోట పగవాడి పేరులా వినిపించేది.

ఆ పగ బయటివాళ్ల మీదే తీర్చుకుని ఊరుకున్నా బాగుండేది. ఇంట్లో మా అక్కకు గొంతు గరగరలాడినా, కూతురికి మొటిమ లేచినా, తనకు ఒళ్లు కాస్త బరువుగా ఉన్నా అవే మాత్రలు. వాళ్లింట్లో అడుగుపెడితే ఫినాయిలు వాసనకు కళ్లు మండేవి. తలుపు గడియలు కూడా రోజూ తుడిపించేవాడు.

మా ఆయనది మొక్కల నర్సరీ. రోజంతా చేతులు మట్టిలోనో ఎరువులోనో ఉంటాయి. ఎంత రుద్ది కడిగినా గోళ్ల కింద నల్లటి గీత పోదు. అందుకని బావ ఆయనకు 'మట్టిపురుగు' అని పేరు పెట్టాడు. మేం వెళ్లినప్పుడల్లా మా ఆయనకు మాత్రం వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేయించేవాడు. "సోఫా కవర్లు ఇవాళే మార్చాం తమ్ముడూ" అనేవాడు. మేం ఎప్పుడు వెళ్లినా ఆ కవర్లు ఆ రోజే మార్చి ఉండేవి! మా ఆయన నవ్వుతూ కూర్చునేవాడు. నాకే అరికాలి మంట నెత్తికెక్కేది.

కిందటేడు బావకు పన్ను నొప్పి వచ్చింది. ఇంకొకరి దగ్గరికి వైద్యానికి వెళ్లడం ఆయనకు నామోషీ. తన షాపులోంచి తనే ఒక మందు తీసి మింగాడు. తగ్గడం లేదని అంతకన్నా ఘాటైనది ఇంకొకటి మింగాడు. పన్ను నెమ్మదించింది, కడుపు అందుకుంది. విరేచనాలు మొదలయ్యాయి. దానికీ తనే మందు చూసుకున్నాడు. ఇంకో యాంటీబయాటిక్, దాని మీద విరేచనాలు కట్టే మాత్ర. అక్క ఆసుపత్రికి పోదామంటే "నా షాపులో లేనిది అక్కడేముంది?" అని కసిరాడు. చివరికి బాత్రూంలో పడిపోతే తలుపు విరగ్గొట్టి తీసుకెళ్లాల్సి వచ్చింది.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ అక్కనూ నన్నూ మంచం దగ్గరే నిలబెట్టి చెప్పింది. "మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయమ్మా. అన్నీ శత్రువులు కావు. తిన్నది అరగడానికి సాయం చేసేవి అవే, చెడ్డవాటికి చోటు దొరక్కుండా కాపు కాసేవీ అవే. ఈయన మందుల మీద మందులు మింగి ఆ కాపలానంతా తుడిచిపెట్టేశారు. ఖాళీ అయిన చోట ఒక మొండి క్రిమి కాపురం పెట్టింది. పేగు పుండైంది."

క్రిమి అనగానే పడుకున్న బావ తల ఎత్తాడు. "అయితే దాన్ని చంపే మందివ్వండి. నాకు తెలీదా? నాది మందుల షాపు."

"అందుకే కదండీ ఇక్కడ పడుకున్నారు" అంది డాక్టరమ్మ.

ఆ క్రిమికి పనిచేసే మందేదో ఉందట, అదిచ్చింది. తగ్గింది. ఇంటికొచ్చి బావ మళ్లీ ఛాతీ విరుచుకున్నాడో లేదో, విరేచనాలు తిరగబెట్టాయి. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ తగ్గడం, మళ్లీ మొదలు. మనిషి పుల్లయిపోయాడు. చొక్కా లోపల ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "ఆయనకు వేరే చికిత్స చేస్తారటే. ఆరోగ్యంగా ఉన్న మనిషిది... అదేనే... ఛీ, నోటితో ఎలా చెప్పను?"

"ఏంటక్కా, రక్తమా?"

"రక్తమైతే ఇంత బాధెందుకే! పొద్దున్నే వెళ్తాం చూడు, అది. దాన్ని శుభ్రంగా వడగట్టి గొట్టంతో ఈయన పేగులోకి ఎక్కిస్తారట. అందులో ఉండే మంచి జీవాలు లోపల మళ్లీ స్థిరపడి ఆ క్రిమిని వెళ్లగొడతాయట."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఫోనులో అక్క కూడా నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది.

ఇచ్చే మనిషిని మనమే చూసుకోవాలట. రోగాలుండకూడదు. ఈ మధ్య యాంటీబయాటిక్ మింగి ఉండకూడదు. అక్కడే వచ్చింది చిక్కు. అక్క పనికిరాదు, కూతురు పనికిరాదు. బావ పుణ్యమా అని ఇద్దరి కడుపుల్లోనూ ఆ మాత్రలే. బావ అన్నగారిని అడిగితే "మా వంశంలో ఇలాంటివి లేవు" అన్నాడు. విరేచనం వంశంలో లేని మనిషిని నేను అప్పుడే చూశాను. మా ఇంట్లో నేను కూడా లెక్కలోకి రాలేదు. మరదలిని కదా అని బావ ఇచ్చిన మాత్రలు దగ్గుకి మొన్ననే మింగాను. మిగిలింది ఒక్కరే.

నర్సరీలో నారు తీస్తున్న మా ఆయనకు విషయం చెప్పాను. "నాదా? అన్నయ్యగారికా?" అని ఎరువు బస్తా మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "పాపం, ఎలా ఉన్నారు?" అన్నాడు.

"పాపమేంటండీ! ఆ ఇంటి సోఫా మీద మిమ్మల్ని ఒక్కసారైనా కూర్చోనిచ్చాడా?"

"సోఫా సంగతి తర్వాత చూద్దాంలే. ముందు మనిషి బతకాలి కదా."

అసలు తంటా బావతో వచ్చింది. "ఆ మట్టిపురుగుదా? చచ్చినా వద్దు!" అని గోడవైపు తిరిగాడు.

మా అక్క ఎన్నడూ ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగదు. అలాంటిది, చేతిలో ఉన్న తువ్వాలు మంచం మీదికి విసిరికొట్టింది. "చచ్చేదాకా వచ్చారు కాబట్టే అడుగుతున్నాం. మీ శుభ్రం మీకేం ఒరగబెట్టింది? తమ్ముడు మంచివాడు కాబట్టి ఒప్పుకున్నాడు. నేనైతే మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఆలోచించుకునేదాన్ని."

బావ ఇటు తిరిగి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు.

మా ఆయనకు రక్తం, మలం అన్నీ పరీక్షించారు. ఏ దోషమూ లేదన్నారు. "ఇంత చక్కటి దాత దొరకడం మీ అదృష్టం" అని డాక్టరమ్మ అంటుంటే బావ ముఖం చూడాలి, ఆముదం తాగినట్టుంది.

తీరా ఆ రోజు మా ఆయన డబ్బా పట్టుకుని ఆసుపత్రి బాత్రూంలోకి వెళ్లి ఎంతకీ బయటికి రాడు. బయట నర్సు, నేను, అక్క, కూతురు.

"ఏమండీ, ఏమైంది?"

"ఇంతమంది కాచుక్కూర్చుంటే ఎలా వస్తుందే?" అన్నాడు లోపల్నుంచి.

"బాబాయ్, తొందరేం లేదు. మేం అటు వెళ్తాంలే" అంది కూతురు. అందరం వరండా చివరికి వెళ్లి నిలబడ్డాం. కాసేపటికి తలుపు తెరుచుకుంది. బహుమతి గెలిచిన వాడిలా డబ్బా రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

బావ కోలుకున్నాడు. కొద్దిరోజుల్లోనే విరేచనాలు కట్టాయి. ఆకలి పుట్టింది. గొంతు కూడా లేచింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. "కొత్త రకం మందు. చాలా అరుదు. నాలాంటి గట్టి మనిషి కాబట్టి తట్టుకున్నాను."

"ఎక్కడ తయారవుతుందిరా?" అని అడిగాడు వాళ్లన్నగారు, ఏమీ ఎరగనట్టు.

బావ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. పక్కనే ఉన్న మా ఆయన ఏమాత్రం నవ్వకుండా, "లోకల్‌గానే అన్నయ్యా" అన్నాడు. అక్క చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఇంత జరిగాక బుద్ధి వస్తుందనుకుంటాం. షాపు తెరిచిన వారానికే, పాపకు విరేచనాలని ఒకామె వస్తే బావ చెయ్యి మామూలుగా అదే అరలోకి వెళ్లింది. భోజనం క్యారేజీ తెచ్చిన అక్క చూసింది.

"ఓఆర్ఎస్ ఇవ్వండి. పాపకు తగ్గకపోతే డాక్టరుకు చూపించమ్మా."

"నాకు నువ్వు చెప్తావా?"

"అది చెప్పొద్దంటే, మీకెక్కించిన మందు ఎవరిదో ఈవిడకు చెప్తాను. ఏది చెప్పమంటారు?"

షీటు మళ్లీ అరలోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి అక్క రోజూ షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. డాక్టరు చీటీ లేకుండా ఎవరైనా యాంటీబయాటిక్ అడిగితే బావ ముందు ఆమె వైపు చూస్తాడు.

మా ఆయనకు బావ ఇంతవరకూ ఒక్క మంచిమాట చెప్పలేదు. కానీ ఫోన్లు మాత్రం చేస్తున్నాడు. "ఒంట్లో ఎలా ఉంది తమ్ముడూ? బాగా తింటున్నావా? మందులేమీ వాడట్లేదు కదా?" అని. "అన్నయ్యగారు మారారే" అని మా ఆయన పొంగిపోతాడు. రోగం తిరగబెడితే మళ్లీ అక్కరకొస్తాడని బావ సరుకు భద్రం చేసుకుంటున్నాడని ఆ అమాయకుడికి తట్టదు.

మొన్న ఫోన్ నేనే ఎత్తాను. "ఆయనకు దగ్గు బావా. మీ షాపులోంచి మాత్ర తెప్పించమంటారా?"

"వద్దు వద్దు! ఏ మాత్రా వద్దు!" అని అవతల కేకపెట్టాడు బావ. "వేడినీళ్లు తాగించమ్మా. దానంతటదే పోతుంది."