ముప్పై రూపాయల షేరు

సూరత్‌లోని గోడాదరాలో మన తెలంగాణ నేత కార్మికులు ఉండే వీధులకు 2021 డిసెంబరులో మీరు వెళ్లి ఉంటే, గడపల ముందు చీరలకు రాళ్లు అంటిస్తూ కూర్చున్న ఆడవాళ్లను చూసి ఉండేవారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో, కరోనా ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆ గడపల దగ్గర ఆక్సిజన్ మాటలే వినిపించేవి. ఇప్పుడు షేర్ల మాటలు. మగ్గాలు ఆగిన నెలల్లో ఫోన్ల ద్వారా ఇంటింటికీ పాకిన ముచ్చట అది. ఫలానా వాడికి లాభం వచ్చిందట అని చెప్పేవారే గాని, ఎలా వచ్చిందని అడిగేవారు లేరు.

ఆ వీధిలో ఆగయ్య మాటకు విలువ ఎక్కువ. మరమగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా మేస్త్రీ. లాక్‌డౌన్‌లో కార్ఖానా యజమాని సేఠ్‌ను బతిమాలి నలభై కుటుంబాలకు బియ్యం ఇప్పించినవాడు. 2011లో ఆ సేఠ్ చెప్పగానే ఒక రాగి గనుల కంపెనీ షేర్లు, ఒక్కొక్కటి నాలుగు రూపాయల చొప్పున, పదివేలు కొన్నాడు. చాలా కాలం ఉంచితే చాలు, అవే పెరుగుతాయని సేఠ్ అన్నాడు. ఆగయ్య ఉంచాడు. అంతే, మళ్లీ చూడలేదు.

ఇప్పుడు అదే షేరు ముప్పై రూపాయలకు చేరిందని ఎవరో ఫోనులో చూపించారు. ఆ సాయంత్రానికి వీధంతటికీ తెలిసింది. మర్నాడు పొద్దున్నే భాగీరథి వచ్చింది. ఆమె భర్త బక్కయ్య ఆ ఏప్రిల్‌లో కరోనాతో పోయాడు. ప్రభుత్వమిచ్చిన యాభై వేలు వారం కిందటే ఆమె బ్యాంకు ఖాతాలో పడ్డాయి.

"అన్నా, నువ్వు కొన్నదే నేను గూడ కొంట. హారతి సదువుకు అక్కరకొస్తది."

"కొను చెల్లె. నాలుగు రూపాయలది ముప్పై అయింది. నా పదివేల షేర్లు ఇయ్యాల మూడు లక్షలు. భూమిల రాగి యాడికి పోతది?"

తల్లి వెంట వచ్చిన హారతి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. "మామా, నీ అకౌంట్ ఒకసారి చూసినవా?" అంది.

చూడలేదు. ఫోను నంబరు మారింది. ఉత్తరాలు వచ్చి ఉంటే, ఎప్పుడో ఖాళీ చేసిన, బమ్రోలి పేటలోని పాత అద్దె గదికి పోయి ఉంటాయి.

ఆగయ్య, హారతి షేర్ల దళారి ఆఫీసుకు వెళ్లారు. మాస్కు కిందికి జారిన గుమాస్తా కంప్యూటరును వాళ్ల వైపు తిప్పాడు. షేర్లు: వంద.

"సౌ? దస్ హజార్ హై మేరా!" వందేమిటి, తనవి పదివేలని ఆగయ్య గొంతు పెంచాడు. "నా షేర్లు ఎవలు తీసుకున్నరు?"

"కిసీ నే నహీ లియా, కాకా. కంపెనీ నే దో బార్ జోడ్ దియా," అన్నాడు గుమాస్తా. ఎవరూ తీసుకోలేదు, కంపెనీయే వాటిని రెండుసార్లు కలిపేసిందని అర్థం.

హారతి నెమ్మదిగా చెప్పింది. "కంపెనోళ్లు పది షేర్లను కలిపి ఒకటి చేసిన్రు మామా, గట్ల రెండుసార్లు. పదివేలు వెయ్యైనయ్, వెయ్యి వందైనయ్. నీ దగ్గర పది మీటర్ల తానులు పది ఉన్నయనుకో. వాటిని కుట్టి ఒకటే తాను చేస్తె తాను ధర పదింతలైతది. బట్ట మాత్రం గంతే గద?"

"గంతే. మరి జోడిస్తె తగ్గదంటివి. నలభై వేలు పెడితిని. వంద షేర్లు, ముప్పై రూపాయలంటె మూడు వేలు. మిగిలినయి యాడ వోయినయ్?"

గుమాస్తా పాత ధరలు తీశాడు. గనిలో నష్టాలొచ్చాయి. కంపెనీ డబ్బు కోసం కొత్త షేర్లు అమ్ముతూ పోయింది. పాతవాళ్ల వాటా చిక్కిపోయింది. నాలుగు రూపాయల షేరు అరవై పైసలకు పడింది. అప్పుడు పదింటిని ఒకటి చేస్తే ఆరు రూపాయలైంది. ఆ ఆరు మళ్లీ మూడైంది. మొన్న అక్టోబరులో మరోసారి కలిపారు. ముప్పై అయింది.

"పెరగలేదు మామా. పడ్డది కనబడలే," అంది హారతి.

బస్సులో ఆగయ్య వేళ్లు మడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. నాలుగు కంటే ముప్పై ఎక్కువ. నలభై వేల కంటే మూడు వేలు తక్కువ. రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయి? లెక్క ఒక క్షణం అందేది, మరుక్షణం జారిపోయేది. దిగేముందు మెల్లగా అన్నాడు: "బిడ్డా, ఈ సంగతి వాడల చెప్పకు. నా ఇజ్జత్ పోతది."

హారతి బస్సు దిగి వాడ వైపు నడిచింది.

వాళ్లు వచ్చేసరికి భాగీరథి బ్యాంకు పుస్తకం పట్టుకుని ఆగయ్య గడప దగ్గరే ఉంది. పక్కన పొరుగింటి ముసలామె చిన్నవ్వ, మరో ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లూ అదే షేరు కొందామని బ్యాంకు పుస్తకాలతో వచ్చారు. భాగీరథి పుస్తకంలో ఉన్నది బక్కయ్య పోతే వచ్చిన డబ్బు. చెప్పకపోతే తన మర్యాద నిలుస్తుంది. హారతి చదువు నిలుస్తుందా?

"చెల్లె, ఆ పుస్తకం లోపల పెట్టు," అన్నాడు. "నాయి మూడు లక్షలు కాదు, మూడు వేలు. పదివేల షేర్లు వందైనయ్."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చిన్నవ్వ అందరి ముఖాలూ చూసింది. "అంటే ఏంది కొడుకా? ధర పెరిగినట్టా, తగ్గినట్టా?"

"నాకే ఇంక సగం సమజ్ కాలే అవ్వా. సమజ్ కాని దానికి మీ అందరికీ సలహా చెప్పిన. గదే నేను చేసిన తప్పు."

భాగీరథి కళ్లలో కోపముందో, ఊరట ఉందో ఆగయ్యకు తెలియలేదు. ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. "ముందుగాల చూసుకుంటె ఏమైతుండె అన్నా," అని మాత్రం అంది. మరుసటి సోమవారం ఆ యాభై వేలు బ్యాంకులో కూతురి పేరున డిపాజిట్ చేసింది.

తర్వాత కూడా ఆ వీధిలో షేర్ల మాటలు ఆగలేదు. ఎవరైనా సలహాకు వస్తే ఆగయ్య సిగ్గుపడకుండా తన కథంతా చెప్పి, చివర ఇలా అనేవాడు: "ధర ఒక్కటే చూడకున్రి. ఆనాడు పెట్టిందెంత, ఈనాడు చేతికొచ్చేదెంత, కంపెనీ నిజంగ సంపాయిస్తుందా, అడుగున్రి. ఏండ్లకేండ్లు ఉంచుడొక్కటే తెలివి కాదు, ఏం ఉంచుకున్నమో తెల్సుకునుడు తెలివి. పెద్దమనిషి చెప్పిండని ఎవ్వలూ పైసలు పెట్టకున్రి. ఆ పెద్దమనిషికి తెల్వకుంటె, తెల్వదని చెప్పుడే ఆయన పెద్దరికం."